ఖాళీ గడిలో సున్నా

మా మెడికల్ కాలేజీలో ఆమెని అందరూ వజ్రాలావిడ అనేవారు. చెవులకి గాజు దుద్దులు, మెడలో ఆఫీసు కార్డు వేలాడే నల్లతాడు తప్ప ఒంటిమీద మెరిసేదేమీ లేని మనిషికి ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గాని, ఉత్తినే పెట్టింది మాత్రం కాదు. రోజంతా ఆమె కంప్యూటర్ తెరమీద చేసే పని వజ్రాలు గీయడమే.

అదేమిటో చెప్పకుండా ముందుకి వెళ్ళలేను. ఆ కాలేజీ లైబ్రరీలో ఇరవయ్యారేళ్ళు పనిచేసిన నాకే అది బుర్రకెక్కడానికి రెండేళ్ళు పట్టింది. ఒక మందు మీద పరీక్ష ఒక్కరే చెయ్యరు. ఒకచోట అరవైమందికి ఇచ్చి చూస్తారు, ఇంకోచోట ఆరువందల మందికి. ఒకాయన బ్రహ్మాండం అంటాడు, ఇంకొకాయన పెదవి విరుస్తాడు. విడివిడిగా చదివితే తల తిరగడమే తప్ప ఏమీ తేలదు. అందుకని అన్నిటినీ పోగేసి, పెద్ద పరీక్షకి ఎక్కువ బరువు, చిన్నదానికి తక్కువ బరువు ఇచ్చి, చివరికి ఒక్క మాట తేల్చే లెక్క ఒకటుంది. దాని పేరు మెటా అనాలిసిస్. చేత్తో చేస్తే వారాలు పట్టే ఆ లెక్కని సాఫ్ట్‌వేర్ క్షణంలో చేసి బొమ్మ గీసి చూపిస్తుంది. ఒక్కో పరీక్షకీ ఒక్కో వరస, వరసలో చిన్న చదరం, దానికి అటూ ఇటూ సన్నటి గీత. బొమ్మ నడుమ పైనుంచి కిందికి ఒక నిలువు గీత. అన్ని వరసల అడుగునా వజ్రం ఆకారం ఒకటి. ఆ వజ్రం నిలువు గీతకి ఎడమన పడితే మందు మేలు చేసినట్టు, కుడిన పడితే కీడు చేసినట్టు, గీతని తాకుతూ ఉంటే ఏదీ గట్టిగా చెప్పలేమన్నట్టు. డాక్టర్లలో పైవరసలు చదివేవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మిగతావాళ్ళు తిన్నగా అడుగుకి దిగి, వజ్రం ఎక్కడుందో చూసి, చీటీ మీద మందు రాసేస్తారు.

ఆమె గది మెయిన్ బిల్డింగు మెట్ల కింద ఉండేది. గదిలో పొడుగ్గా ఉన్నవాళ్ళు ఒక మూల తల వంచుకోవాలి. రెండు కంప్యూటర్లు, తలుపు సరిగ్గా పడని ఇనుప బీరువా ఒకటి, గుర్రుమని శబ్దం చేసే ఫ్యాను. పైన క్లాసు వదిలితే రెండొందల జతల కాళ్ళు ఆమె నెత్తిమీదుగా దిగేవి. ఆ ఐదు నిమిషాలూ ఆమె మౌస్ వదిలేసి చేతులు కట్టుకుని కూచునేది. "ఇప్పుడు అంకె ముట్టుకుంటే తప్పు పడుతుంది బాబాయ్ గారూ" అనేది నాతో.

చేరింది టైపిస్టుగా. డాక్టర్లు తెచ్చిపడేసే కాగితాలు టైపు కొడుతూ కొడుతూ, ఇవన్నీ ఏమిటని అడగడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పకపోతే నా దగ్గరికొచ్చి పుస్తకాలు పట్టుకెళ్ళింది. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించుకుని, దాని మాన్యువల్ నాలుగువందల పేజీలూ నాచేత ప్రింటు తీయించి, ఏడాది తిరక్కుండా కాలేజీలో ఎవరికీ రాని పని నేర్చేసుకుంది. అక్కణ్ణుంచి చూడండి, పీజీ పిల్లల దగ్గర్నుంచి ప్రొఫెసర్ల దాకా అందరూ ఆ మెట్ల కిందికే. "అక్కయ్యా, కొంచెం చూసిపెట్టవా" అంటూ వచ్చేవాళ్ళు, పని అయ్యాక ఎదురుపడితే గుర్తుపట్టేవాళ్ళు కారు. ఆమె హోదా పందొమ్మిదేళ్ళూ డేటా ఎంట్రీ సహాయకురాలే.

పనిలో ఆమెకో పట్టుదల ఉండేది. ఒక్కో పరిశోధన పత్రం చదివి, అందులో ఎంతమందికి మందు ఇచ్చారు, ఎంతమందికి నయమైంది, ఎంతమందికి ఏ చెడు జరిగింది అన్నవి ముందు కాగితం మీద పట్టిక గీసి రాసుకునేది. పత్రంలో ఒక సంగతి రాసి లేకపోతే ఆ గడిలో చిన్న అడ్డగీత పెట్టేది. కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు ఆ గడి ఖాళీగా వదిలేది. పాత సాఫ్ట్‌వేర్‌కి ఖాళీ అంటే తెలియదని అర్థం. ఆ వరసని పక్కన పెట్టి మిగతావాటితో లెక్క చేసేది. ఓసారి ఒక పీజీ విసుక్కున్నాడు. "చెప్పలేదంటే ఎవరికీ ఏమీ కాలేదనే కదా అక్కయ్యా, సున్నా వేసెయ్, పోతుంది."

"మీ ఇల్లెక్కడో మీరు నాకెప్పుడూ చెప్పలేదు డాక్టరు గారూ. మీకు ఇల్లే లేదని రాసుకోనా?" అంది.

ఆ మాట కాలేజీ అంతా చెప్పుకుని నవ్వుకున్నారు. నవ్వినవాళ్ళలో ఎంతమంది మర్నాడు సున్నాలు వేశారో నన్నడక్కండి. మా కాలేజీ థీసిస్‌లలో కాకిలెక్కలు ఎన్ని ఉన్నాయో దుమ్ము దులిపినవాణ్ణి, నాకు తెలుసు.

ఆమెకి ఉన్న కోరిక ఒక్కటే. అచ్చులో తన పేరు చూసుకోవాలి. పందొమ్మిదేళ్ళలో ఆమె గీసిన వజ్రాలతో ముప్పయ్యొక్క పత్రాలు అచ్చయ్యాయి. జర్నల్ లైబ్రరీకి వచ్చిందని తెలియగానే మధ్యాహ్నం అన్నం డబ్బా అయినా తెరవకుండా వచ్చేది. మొదట రచయితల పేర్లు చూసేది. తరవాత చివరి పేజీకి వెళ్ళి కృతజ్ఞతలు చూసేది. అక్కడ కాలేజీ యాజమాన్యం ఉండేది, రచయిత భార్యాపిల్లలు ఉండేవాళ్ళు, ఒక పత్రంలో ఆయన పెంపుడు కుక్క కూడా ఉంది. ఈమె ఉండేది కాదు. మూసి, నెమ్మదిగా షెల్ఫులో పెట్టి వెళ్ళిపోయేది. చూసిన నాకు ఒళ్ళు మండేది. ఆమెకి మండేదో లేదో పైకి తెలిసేది కాదు.

ఒక్కసారి మాత్రం బయటపడింది. ఆమె కూతురు పదో తరగతి. బడిలో ఫారం నింపుతూ తల్లి ఉద్యోగం అన్నచోట టైపిస్టు అని రాసిందట. "పరిశోధన చేస్తానని రాయవే అంటే, మరి నీ పేరు ఎక్కడా లేదేం అంది బాబాయ్ గారూ. ఏం చెప్పను?" అని నవ్వబోయి నవ్వలేకపోయింది. ఆ మర్నాడే ఎముకల విభాగం పెద్ద డాక్టరు గారి గదికి వెళ్ళి, పందొమ్మిదేళ్ళలో మొదటిసారి నోరు తెరిచి అడిగింది.

ఆ పెద్దాయన అప్పుడు నడుంనొప్పికి కొత్తగా వచ్చిన మాత్ర మీద పెద్ద పత్రం మొదలుపెట్టాడు. పదకొండు పరీక్షలు పోగేసి లెక్క తేల్చాలి. మనిషి చెడ్డవాడని చెప్పలేను. చేతివాసి ఉన్న డాక్టరు. కాకపోతే తన నీడ తప్ప మరొకరి నీడ నేలమీద పడడం ఆయనకి నచ్చదు. ఏ కళనున్నాడో గాని ఆ రోజు సరేనన్నాడు. "పని మొత్తం నువ్వే చూసుకో. నాలుగో పేరు నీది" అన్నాడు. ఆమె లైబ్రరీకి వచ్చి ఆ మాట చెబుతూ కుర్చీలో కూచోవడం కూడా మరిచిపోయింది.

ఆ పత్రం కోసమే ఆయన కొత్త సాఫ్ట్‌వేర్ కొనిపించాడు. పాతది ఉచితంగా వచ్చిందట, అందుకని ఆయన హోదాకి చాలదట. కొత్తది చూడ్డానికి ముచ్చటగా ఉండేది, రంగురంగుల వజ్రాలు గీసేది. కాని ఖాళీ గడి కనబడితే చాలు, ఎర్రటి పెట్టె ఒకటి తెరిచి అంకె ఇమ్మని పేచీ పెట్టేది. పెద్దాయన తన గదిలో కూచుని ఆడించి చూస్తున్నప్పుడు ఆ ఎర్రపెట్టె నాలుగుసార్లు వచ్చేసరికి ఆయనకి కోపం వచ్చింది. కంపెనీ ఇంజినీరుని పిలిపించి "ఈ గోల ఆపు" అన్నాడు. ఇంజినీరు ఆయన కంప్యూటర్‌కీ మెట్ల కింద కంప్యూటర్లకీ కలిపి ఉన్న సెట్టింగుల్లోకి వెళ్ళి ఒక చోట టిక్కు పెట్టాడు. ఖాళీ గడిని సున్నాగా తీసుకో అని. గోల ఆగింది. కూతురికి జ్వరమని ఆమె మూడు రోజులు సెలవులో ఉన్నప్పుడు జరిగిందిది. వచ్చాక ఎవరూ ఆమెకి చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తోచను కూడా లేదు.

ఆమె ఎప్పటిలాగే కాగితం మీద అడ్డగీతలు పెట్టింది, కంప్యూటర్లో గడులు ఖాళీగా వదిలింది. నొప్పి తగ్గడం గురించిన పట్టిక మొత్తం చేత్తో ఒకసారి లెక్కకట్టి సరిచూసింది. అది సరిగ్గానే ఉంది. రెండోది కిడ్నీల పట్టిక. పదకొండు పరీక్షల్లో ఐదింటిలోనే కిడ్నీల సంగతి రాశారు, మిగతా ఆరింటిలో ఆ ఊసే లేదు. ఆ ఆరు వరసల్లోనూ యంత్రం సున్నాలు వేసుకుంది. మాత్ర వేసుకున్నవాళ్ళలో కిడ్నీ చెడినవాళ్ళు సున్నా, వేసుకోనివాళ్ళలోనూ సున్నా, కాబట్టి తేడా ఏమీ లేదని ఆరు దొంగసాక్ష్యాలు. ఐదు పరీక్షలు కుడివైపుకి లాగుతున్న వజ్రాన్ని ఆ ఆరూ కలిసి నడిగీత మీదికి ఈడ్చుకొచ్చాయి. కిడ్నీలకి హాని ఉన్నట్టు ఆధారం లేదని పత్రంలో రాశారు.

ఆ రెండో పట్టిక ఆమె చేత్తో సరిచూడలేదు. ఎందుకు చూడలేదో తరవాత తనే చెప్పింది. "రచయితల పేర్ల పేజీ నాచేతే టైపు చేయించారు బాబాయ్ గారూ. ఆ పేజీ ఎన్నిసార్లు తెరిచి చూసుకున్నానో. అది చూసుకుంటూ ఇది చూడలేదు."

పత్రం అచ్చయి వచ్చిన రోజు నేనే మెట్ల కిందికి తీసుకెళ్ళాను. నాలుగో పేరు. ఆమె వేలితో ముట్టుకుని చూసింది. రెండు కాపీలు తీసుకుని ఇంటికి పట్టుకెళ్ళింది. భర్తకి బజారు వీధిలో కళ్ళజోళ్ళ కొట్టుంది. ఆయన కొట్లో ఉన్న భూతద్దాల్లోకెల్లా పెద్దది తెచ్చి పేరు మీద పెట్టి "నా కళ్ళకి ఆనడం లేదు, ఎవరీవిడ?" అని ఏడిపించాడట. కూతురు ఆ పేజీ తన బల్ల ఎదురుగా గోడకి అంటించుకుంది. ఆ వారమంతా ఆమె ఎవరు ఏం పనిచెప్పినా నవ్వుతూనే చేసింది.

ఎనిమిది నెలలు గడిచాయి. ఆ పత్రం చూపించి మా ఆస్పత్రిలోనే కాదు, చుట్టుపక్కల ఆస్పత్రుల్లో కూడా నడుంనొప్పికి ఆ మాత్రే రాస్తున్నారు. ఒకరోజు వార్డులో పనిచేసే డాక్టరమ్మ మెట్ల కిందికి వచ్చింది. "అక్కయ్యా, ఆ మాత్ర వాడే ముగ్గురికి కిడ్నీ పరీక్షల్లో తేడా వస్తోంది. మీ పేపర్లో ఏమీ లేదన్నారు కదా, ఒకసారి చూస్తావా?" అని అడిగింది.

ఆమె తిన్నగా లైబ్రరీకి వచ్చింది. రాసుకున్న పట్టికల కాగితాలని కట్టగట్టి లైబ్రరీ వెనక గదిలో దాచడం మా ఇద్దరి మధ్య ఏళ్ళుగా ఉన్న ఒప్పందం. ఆమె బీరువా తలుపు పడదు, నా గదికి తాళం ఉంది. ఐదేళ్ళపాటు దాచాలని కాలేజీ నియమం. రిజిస్టర్లో ఎక్కించి తీసుకోవాలని కూడా నియమం. బద్ధకం కొద్దీ ఆ రెండోది నేనెప్పుడూ చెయ్యలేదు. ఆమె కట్ట విప్పి, ఒక పక్క కాగితం, ఇంకో పక్క కంప్యూటర్ ప్రింటు పెట్టుకుని రీడింగు రూములో కూచుంది. అరగంట తరవాత నన్ను పిలిచింది. కాగితం మీద ఆరు అడ్డగీతలు. ప్రింటులో అవే గడుల్లో సున్నాలు.

"నేను వెయ్యలేదు" అంది ముందు. ప్రింటు పక్కకి నెట్టి "కాని చూసుకోలేదు" అంది. పక్కనే కాగితం తీసుకుని ఐదు పరీక్షలతోనే చేత్తో లెక్కకట్టింది. వజ్రం గీతకి దూరంగా, స్పష్టంగా కుడిపక్కన పడింది. దాన్ని పెన్సిలుతో గీసి, కట్ట మళ్ళీ కట్టి వెనక గదిలో దాని అరలోనే పెట్టి వచ్చింది.

నేనన్నాను, "అమ్మాయ్, తొందరపడకు. అందులో నీ పేరుంది."

"అందుకే కదా బాబాయ్ గారూ" అంది.

ఆ సాయంత్రమే పెద్దాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన కాదనలేదు, కసరలేదు కూడా. "వచ్చే నెల చికిత్స నియమాల సభ ఉంది, నేనే అధ్యక్షుణ్ణి. అది కానీ, చూద్దాం" అన్నాడు. సభ అయింది. నడుంనొప్పికి డాక్టర్లు రాయాల్సిన మందుగా ఆ మాత్ర నియమాల్లోకి ఎక్కింది. మళ్ళీ వెళ్ళింది. ఈసారి ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి "అది వెనక్కి తీసుకుంటే పోయేది నా ఒక్కడి పేరేనా? నాకు నూటపది పేపర్లున్నాయి. నీకున్నది అదొక్కటి. ఆలోచించుకున్నావా?" అన్నాడు.

ఆమె ఆలోచించుకుంది. వారం రోజులు ఆలోచించుకుని లైబ్రరీకి వచ్చి, నా కంప్యూటర్ దగ్గరే కూచుని జర్నల్ సంపాదకుడికి ఉత్తరం రాసింది. ఎక్కడ ఏ పొరపాటు జరిగిందో, సెట్టింగుల్లో వెతికి తను పట్టుకున్న ఆ టిక్కు సంగతేమిటో, సరైన లెక్క ఏమిటో, అన్నీ. చిరునామా వెతికిపెట్టింది నేనే. ఆ ఒక్క పని గురించి ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను. తరవాత చేసిన పని గురించి ఇప్పుడు చెబుతున్నాను.

జర్నల్ వాళ్ళు కాలేజీకి రాశారు. కాలేజీ ముగ్గురితో కమిటీ వేసింది. పెద్దాయన వాదన తేలిక. సమాచారం ఎక్కించింది మొత్తం ఆమే, పత్రాల్లో రాయని సంగతిని సున్నా అనుకుని ఆమే సున్నాలు వేసింది, ఆమె టైపిస్టు, డాక్టరు కాదు, అందుకే తెలియలేదు. టిక్కు సంగతి అడిగితే, ఎవరు ఎప్పుడు పెట్టారో ఆ సాఫ్ట్‌వేర్ రాసుకోదన్నాడు కంపెనీ ఇంజినీరు. ఆమె ఒకటే మాట మీద నిలబడింది. నేను అడ్డగీతలు పెట్టాను, కాగితాలు లైబ్రరీలో ఉన్నాయి, తెప్పించి చూడండి.

కమిటీ నన్ను పిలవడానికి ముందు రోజు పెద్దాయన లైబ్రరీకి వచ్చాడు. అన్నేళ్ళలో ఆయన ఆ గుమ్మం తొక్కడం నేను చూడలేదు. నా ఎదురుగా స్టూలు మీద కూచున్నాడు. మా ఆవిడ మోకాళ్ళ సంగతి అడిగాడు. రెండు మోకాళ్ళూ అరిగిపోయి ఆవిడ గోడ పట్టుకుని నడుస్తోంది, ఆపరేషన్ జాబితాలో ఆవిడ పేరు రావడానికి మూడేళ్ళు పడుతుందన్నారు. "మూడేళ్ళేమిటండీ, నేను లేనూ? వచ్చే నెలలో పెడదాం. నేనే చేస్తాను" అన్నాడు. తరవాత, పోతూ పోతూ గుర్తొచ్చినట్టు, "ఆ నడుంనొప్పి కాగితాల కట్ట మీ దగ్గరుందట కదా. నేనోసారి చూడాలి. రిజిస్టర్లో ఉందా?" అన్నాడు.

"లేదు సార్" అన్నాను.

"మంచిది" అన్నాడు.

తాళం తీసింది నేను. కట్ట దించింది నేను. దుమ్ము దులిపి మరీ చేతికిచ్చింది నేను. ఆయన నన్ను బెదిరించలేదు, అబద్ధమాడమని నోరు తెరిచి అడగలేదు. పెద్దవాళ్ళు అలా అడగరు, మనమే అర్థం చేసుకుంటాం.

మర్నాడు కమిటీ గదిలో పొడుగు బల్లకి ఆ చివర ఆమె, ఈ చివర నేను. ఒక సభ్యుడు అడిగాడు, "ఈమె చెప్పే కాగితాలు మీ దగ్గర ఉన్నాయా?"

"లేవు సార్."

"ఎప్పుడైనా ఉన్నాయా?"

నేను రిజిస్టరు తెరిచి వాళ్ళ ముందు పెట్టాను. "ఇందులో లేవు సార్. అలాంటి కట్ట వచ్చినట్టు నాకు గుర్తులేదు."

ఆమె నావైపు చూసింది. కోపంగా కాదు. ముసలాయన మరిచిపోయాడు కాబోలు అనుకుంటున్నట్టు, నాకు గుర్తుచేయడానికన్నట్టు "బాబాయ్ గారూ, వెనక గదిలో, కిటికీ పక్క అరలో..." అంది. నేను కుక్కిన పేనులా కూచున్నాను. సభ్యుడు "చాలమ్మా" అన్నాడు.

జర్నల్ ఆ పత్రాన్ని వెనక్కి తీసుకుంది. ఉపసంహరణ ప్రకటనలో కారణం రాశారు. సమాచార నమోదులో నాలుగో రచయిత్రి చేసిన పొరపాటు అని, పక్కనే ఆమె పూర్తి పేరు. మిగతా ముగ్గురికీ ఆ తప్పుతో సంబంధం లేదని కాలేజీ తేల్చిందని ఇంకో వాక్యం. ఎవరు ఉత్తరం రాస్తే ఆ తప్పు బయటపడిందో ఆ సంగతి ఎక్కడా లేదు. లైబ్రరీలో ఉన్న ప్రతిమీద ఎర్రసిరాతో ముద్ర కొట్టడం నా ఉద్యోగం. కొట్టాను. ఆమె పేరు ఇక్కడ నేను రాయకపోవడానికి కారణం కూడా అదే. చెయ్యని తప్పు పక్కన అచ్చులో అది ఎలా ఉందో ఒక్కచోట చూశాను, చాలు.

ఆమెని మెట్ల కింద గది నుంచి తీసేసి బయటి రోగులకి టోకెన్లు ఇచ్చే కౌంటరులో వేశారు. పొద్దున ఎనిమిదింటికి కిటికీ తెరిస్తే జనం, వరసలు, తోపులాట. అక్కడా ఒక్క అంకె తప్పు పోనిచ్చేది కాదు. కూతురి సంగతి అడిగితే ఓ రోజు చెప్పింది. ఆ పిల్ల అప్పటికి ఇంటర్లో చేరింది, వాళ్ళ కాలేజీ కంప్యూటర్ మీద తల్లి పేరు కొట్టి చూసిందట. మొట్టమొదట వచ్చింది ఉపసంహరణ ప్రకటనే. ఇంటికొచ్చి గోడమీది పేజీ తీసేసి, "నిజంగా నువ్వే తప్పు రాశావా అమ్మా?" అని అడిగిందట.

"ఏం చెప్పావు?" అన్నాను.

"కాగితాలు దొరికితే చూపిస్తానన్నాను. మీరు మళ్ళీ ఒకసారి వెతకండి బాబాయ్ గారూ. పాత జర్నళ్ళ వెనక జారిపోయి ఉంటాయేమో" అంది.

వెతుకుతానన్నాను. అంతకన్నా సిగ్గుమాలిన మాట నా జన్మలో అనలేదు.

మా ఆవిడకి చెప్పినట్టే నెల తిరక్కుండా ఆపరేషన్ అయింది. పెద్దాయనే చేశాడు, బాగా చేశాడు. తరవాత చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు కౌంటరులో టోకెను ఇచ్చింది ఈమే. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి మా ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఇంత తొందరగా పేరు వచ్చిందా పిన్నిగారూ! మూడేళ్ళన్నారు కదా. అదృష్టం" అని సంబరపడింది. మా ఆవిడ మురిసిపోయింది. నేను బిల్డింగు కప్పు వైపు చూస్తూ నిలబడ్డాను.

ఏడాది తరవాత పెద్దాయన అదే మాత్ర మీద సవరించిన పత్రం అచ్చువేయించాడు. ఈసారి కిడ్నీల వజ్రం కుడిపక్కన, ఉండాల్సిన చోటే ఉంది. జాగ్రత్తగా వాడాలని రాశారు. రచయితలు ముగ్గురే. కాలేజీ ఘనతల బోర్డు లైబ్రరీ గుమ్మం పక్కనే ఉంది, అక్కడ పెట్టమని ఒక ప్రతి పంపాడు. నేను మొదటి పేజీ, చివరి పేజీ పక్కపక్కన గుండుసూదులతో గుచ్చాను. గుచ్చేటప్పుడు చదవలేదు. మెటా అనాలిసిస్ పత్రాలు చదివే అలవాటు అప్పటికే మానుకున్నాను.

మధ్యాహ్నం కౌంటరు మూసే వేళకి ఆమె వచ్చింది. బోర్డు ముందు చాలాసేపు నిలబడింది. బయటికి రాకుండా ఉండలేక నేనూ వెళ్ళి పక్కన నిలబడ్డాను. చివరి పేజీలో కృతజ్ఞతలు కింద రెండు వరసలున్నాయి. సరిచేసిన అంకెలు ఎక్కణ్ణుంచి తెచ్చారని జర్నల్ వాళ్ళు అడిగి ఉంటారు, జవాబు రాయక తప్పి ఉండదు. మొదట్లో చేతితో రాసిన సమాచార పట్టికలను భద్రంగా దాచి అందజేసిన మా గ్రంథాలయ ఉద్యోగికి కృతజ్ఞతలు అని ఉంది. ఆ తరవాత నా పేరు, ఇంటిపేరుతో సహా.

ఆమె ఆ రెండు వరసలూ ఇంకోసారి చదివింది.

"అయితే కట్ట మీ దగ్గరే ఉండేది" అంది.

"అమ్మాయ్, అప్పుడేమైందంటే..." అని నీళ్ళు నమిలాను.

"ఎవరికిచ్చారు?"

"ఆయనే వచ్చి అడిగాడు."

"కమిటీకి ముందా, తరవాతా?"

"ముందు రోజు."

ఆమె మనసులో ఏదో కూడుకుంటున్నట్టుంది. పందొమ్మిదేళ్ళు లెక్కలు చేసిన మనిషి. ఆ రోజుకీ మా ఆవిడ ఆపరేషన్‌కీ మధ్య ఎన్ని వారాలో కూడుకోవడానికి ఎంతసేపు పడుతుంది? ముఖంలో ఏమీ మారలేదు. నేను తిట్లకి సిద్ధపడ్డాను. తిట్టాలని కోరుకున్నాను కూడా. ఒక్క మాట అని ఉంటే, కాళ్ళు పట్టుకుని అయినా ఏడ్చేవాణ్ణి.

"పిన్నిగారు ఇప్పుడు బాగా నడుస్తున్నారా?" అంది.

"నడుస్తోంది" అన్నాను.

"మెట్లెక్కుతున్నారా?"

"ఎక్కుతోంది."

"పోనీలెండి" అని, కౌంటరు తాళంచెవి చేతిలోకి తీసుకుని వెళ్ళిపోయింది. దెప్పిపొడవడానికి అడిగి ఉన్నా బాగుండేది. ఆమె నిజంగానే అడిగింది.